మా మేనల్లుడి పాలపళ్ళు

సంక్రాంతికి మా అక్కావాళ్ళు శాన్ డియాగో నుంచి అమలాపురం వచ్చారు. భోగి ముందురోజు రాత్రి మేనల్లుడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి "అమ్మమ్మా, ఇది నా మెదడు" అన్నాడు. అమ్మ హడలిపోయింది, "తలకి ఏమైందిరా నాన్నా?" అని.

ఏమీ అవ్వలేదు. పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో చూసే ఏబీసీడీ అని పెద్ద పరిశోధన, 2016 నుంచి 2018 దాకా అమెరికా అంతటా 9, 10 ఏళ్ళ పిల్లల్ని 11 వేల పైచిలుకు మందిని చేర్చుకున్నారు, వీడూ అప్పుడే చేరాడు. పదేళ్ళపాటు చూస్తూ రెండేళ్ళకోసారి ఎమ్మారై తీస్తారు. జబ్బున్న పిల్లలని కాదు, నిద్ర, ఫోన్లు, మత్తు అలవాట్లు ఎదిగే మెదడుని ఏం చేస్తాయో తెలియాలంటే అవేవీ అంటకముందు నుంచే చూడాలి కదా. మన దగ్గరా బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళ ఆధ్వర్యంలో సీవేద అని ఇలాంటిదే ఉంది, రిషి వ్యాలీ వైపు పిల్లలు కూడా అందులో ఉన్నారు.

ఎమ్మారైలో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదు, అయస్కాంతం, రేడియో తరంగాలే. కానీ ఆ మోత! నడుం నొప్పికి కాకినాడలో నేనొకసారి తీయించుకున్నాను, నూర్పిడి మిషన్లో తల పెట్టినట్టుంది, పది నిమిషాలకే ఆపమని చెప్పడానికి చేతిలో పెట్టిన రబ్బరు బల్బు నొక్కేశాను (ఇంట్లో ఎవరికీ చెప్పలేదు). వీళ్ళకైతే ముందు ఉత్తుత్తి మిషన్లో పడుకోబెట్టి అలవాటు చేస్తారట, లోపల సినిమా కూడా వేస్తారట. తల కాస్త కదిలినా బొమ్మ చెడిపోతుంది. "నువ్వు? కదలకుండా?" అంది అమ్మ, నమ్మలేక.

ఊడిన పాలపళ్ళు కూడా అడిగి తీసుకున్నారట, చిన్నప్పుడు ఒంట్లోకి ఏమేం చేరాయో వాటిలో తెలుస్తుందని. మేమైతే పెంకుటింటి మీదకి విసిరేసేవాళ్ళం.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. అమ్మానాన్నల సంతకం ఒక్కటే చాలదట, పిల్లాణ్ణి విడిగా అడుగుతారు, వాడు వద్దంటే వద్దే, మధ్యలో లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నియమాల ప్రకారం పరిశోధనలో చేర్చుకోవాలంటే ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుకోలు అడగాల్సిందే. ఇదంతా నేను ఉత్సాహంగా అమ్మకి వివరిస్తుంటే, సెలవులకి వచ్చిన మా అమ్మాయి అరిసె తింటూ, నా వైపు చూడకుండానే, "నన్ను హాస్టల్లో వేసినప్పుడు నాన్న సంతకం ఒక్కటే సరిపోయింది" అంది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"తెల్లారగట్ల భోగి మంట వెయ్యాలి, పడుకోండి" అని అమ్మ లైటు తీసేసింది.