హార్సెల్ ఇసుక గుంట దగ్గర

లండన్ వాటర్లూలో రైలెక్కిన అరగంటకే వోకింగ్‌లో దిగాను. ఊరి నడిబొడ్డున 7 మీటర్ల ఎత్తు ఉక్కు యంత్రం, పొడవాటి మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ఊహించిన అంగారకుల యంత్రం! అంగారక గ్రహవాసులు భూమి మీద దండెత్తే ఆయన నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’కు నూరేళ్లు నిండిన 1998లో పెట్టారట. దాని కింద నిలబడితే చిన్నప్పటి భయం మళ్లీ కలిగింది.

అక్కడి నుంచి మేబరీ రోడ్డుకు నడిచాను. రైలు పట్టాలకు ఎదురుగా చిన్న ఇల్లు. 1895లో వెల్స్ ఇక్కడికి వచ్చేనాటికి వయసు 28. బ్రామ్లీలో చిన్న దుకాణదారుడి కొడుకు. ఏడేళ్లప్పుడు కాలు విరిగి మంచాన పడితే పుస్తకాలు అలవాటయ్యాయి. పద్నాలుగేళ్లకే బట్టల కొట్లో పనికి పెట్టారు, రోజుకు 13 గంటలు. అది భరించలేక బయటపడి, లండన్‌లో హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. ఆ చదువే లేకపోతే ఆ నవలలు లేవని నా నమ్మకం.

వోకింగ్‌లోనే సైకిల్ నేర్చుకున్నాడు. ఊరంతా తిరుగుతూ అంగారకుల చేత ఏ చోటు నాశనం చేయించాలా అని గుర్తు పెట్టుకునేవాడినని ఆత్మకథలో తనే రాశాడు.

నవలలో అంగారకులు వచ్చిన మొదటి సిలిండర్ పడింది ఊరి పక్కనున్న ఉమ్మడి బయలు, హార్సెల్ కామన్‌లో. పైన్ చెట్ల మధ్య ఆ ఇసుక గుంట ఇప్పటికీ ఉంది. నేను వెళ్లేసరికి పిల్లలు గట్టు మీంచి జారుతూ ఆడుకుంటున్నారు. నవల మొదటి అధ్యాయంలోనే వెల్స్ టాస్మానియా దీవి ఆదివాసుల్ని తలుచుకుంటాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు వాళ్లను తుడిచిపెట్టినప్పుడు, అంగారకుల్ని మనం ఏ మొహంతో తప్పుపడతామని అడుగుతాడు. సామ్రాజ్యం వెలిగిపోతున్న రోజుల్లో, ఆ సామ్రాజ్యపు పౌరుడే అలా అడిగాడు. నాకు వెల్స్ మీద ప్రేమ అక్కడే పుట్టింది.

అదే కామన్ అంచున ఒక ఇటుక ప్రహరీ, గుమ్మటం ఉన్న ద్వారం కనిపించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడి, ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో చనిపోయిన భారతీయ ముస్లిం సైనికుల కోసం కట్టిన శ్మశానం అది. 1960ల చివర్లో సమాధుల్ని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఇప్పుడు అది శాంతివనం. వచ్చింది వెల్స్ కోసమే అయినా, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రాతి మీద చెక్కిన పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాను.

తిరిగి ఇసుక గుంట దగ్గరికొచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి, ఆ మొదటి అధ్యాయం మళ్లీ చదువుకున్నాను.