ఇంట్లో కూర్చుని వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నాను

మా పెద్దమ్మ తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే ఫోన్‌లో తీసిన వీడియోలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ పొడవాటివే. మధ్యలో ఎవరో పిలవడం, గిన్నెల చప్పుడు, చెప్పిందే మళ్లీ చెప్పడం. ఇంట్లో అందరూ కూర్చుని చూసేలా వాటిని ఒక చోట చేర్చాలన్న పట్టుదలతోనే ఎడిటింగ్ మొదలుపెట్టాను.

సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ పూర్తిగా ఉచితం, కాస్త పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయి. నేను మాత్రం డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ తీసుకున్నాను. అది మొదట్లో సినిమాలకు రంగులు సరిదిద్దే సాధనం. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ చేతికి వచ్చాక మెల్లగా పూర్తి స్థాయి ఎడిటర్‌గా ఎదిగింది. డబ్బు కట్టే స్టూడియో వెర్షన్ ఎఫెక్టులు వాడనంతవరకు ఉచిత వెర్షన్‌లో కూడా వీడియో మీద వాటర్‌మార్క్ (కంపెనీ ముద్ర) పడదు. లైనక్స్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి: అక్కడ ఉచిత వెర్షన్ హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోలను తెరవదు.

అసలు టెన్షన్ టైమ్‌లైన్ మీద, అంటే క్లిప్‌లను వరుసగా పేర్చే చోట, క్లిప్ పెట్టాక మొదలైంది. ఫోన్‌లో హాయిగా ఆడే వీడియో ఇక్కడ ఆగి ఆగి నడుస్తోంది. కొత్త కంప్యూటర్ కొనాలేమో అనిపిస్తుంది ఎవరికైనా. కానీ కారణం వేరు. ఫోన్లు వీడియోను హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కుదించి దాస్తాయి. వీడియోలోని ప్రతి ఫ్రేమ్‌నూ, అంటే ఒక్కో నిశ్చల చిత్రాన్నీ, పూర్తిగా దాచవు. అక్కడక్కడా ఒక పూర్తి ఫ్రేమ్, మిగతా వాటిలో చుట్టుపక్కల ఫ్రేముల నుంచి ఏం మారిందో అది మాత్రమే. మామూలుగా చూసేటప్పుడు ఇది ఇబ్బంది కాదు. ఎడిటింగ్‌లో మనం ఎక్కడపడితే అక్కడికి దూకుతాం కదా, దూకిన ప్రతిసారీ కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమ్ వెతికి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. దీనికి మందు ప్రాక్సీ. క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాక్సీ తయారు చేయమంటే, తేలిగ్గా నడిచే చిన్న సైజు నకళ్లు తయారవుతాయి. కోతలన్నీ వాటి మీద చేసుకోవచ్చు, చివర్లో ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియోను ఒకే ఫైల్‌గా బయటికి తీయడం, అసలు ఫైళ్ల నుంచి చేసుకోవచ్చు. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు ముందు ఈ ఒక్క పని నేర్చుకోండి.

ఇంకో చిక్కు, పెదవులకూ మాటకూ పొంతన తప్పడం. ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కను) కాస్త అటూ ఇటూ మారుస్తుంటాయి. దాంతో పొడవాటి క్లిప్ చివరికొచ్చేసరికి మాట వెనకబడుతుంది, లేదా ముందుకు జరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని క్లిప్‌ను ఒకసారి మార్చుకున్నాక ఆ గొడవ తీరింది.

ఇక కోతలు. మౌస్ కంటే కీబోర్డ్ మేలు: జె నొక్కితే వెనక్కి, కె ఆగడానికి, ఎల్ ముందుకు. చేతికి అలవాటైతే పని ఎంతో చకచకా సాగుతుంది. కానీ వేగం కాదు ముఖ్యం, వినడం. పెద్దమ్మ వాళ్ల నాన్న పోయిన రోజు గురించి చెబుతూ ఒక్క క్షణం ఆగి, చీర కొంగు సర్దుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. ఖాళీలన్నీ తీసేయాలనే లెక్కన అది పోవాలి. నేను ఉంచేశాను, ఎందుకంటే ఆ తర్వాతి మాట బరువంతా ఆ ఆగడంలోనే ఉంది. దాని తర్వాత పాత ఫొటో చూపించాలి. ఆమె మాట ముందు వినిపించి, బొమ్మ కాస్త ఆలస్యంగా మారేలా చేశాను. దీన్నే జె కట్ అంటారు. మాటా బొమ్మా ఒకేసారి మారితే కంటికి కుదుపులా తగులుతుంది, ఇలా చేస్తే అతుకు తెలియదు. నా మట్టుకు నాకు, ఒక దృశ్యం నుంచి ఇంకోదానికి మార్చే రంగురంగుల ట్రాన్సిషన్లన్నిటికంటే ఇదే గొప్పది.

చూసేవాళ్లు బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుపోతారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. మాట స్థాయి మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్ చుట్టుపక్కల ఆడేలా పెట్టుకున్నాను. సున్నా దాటిందా, ధ్వని పగిలిపోతుంది. వెనక సంగీతాన్ని మాట నడిచేంతసేపూ బాగా తగ్గించేశాను.

ఎక్స్‌పోర్ట్‌కు ఎంపీ4, హెచ్.264, 1080పీ చాలు, దాదాపు ఏ టీవీలోనైనా, ఫోన్‌లోనైనా ఆడుతుంది. బిట్‌రేట్, అంటే ప్రతి సెకను వీడియోకు వాడే డేటా, సెకనుకు 10 మెగాబిట్లు పెడితే నిమిషానికి సుమారు 75 ఎంబీ అవుతుంది. ఆ వీడియో వచ్చేసింది కదా అని అసలు క్లిప్‌లు చెరిపేయకండి. ప్రాజెక్టులో వీడియో ఉండదు, ఏ ఫైల్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు తీసుకోవాలన్న చీటీ మాత్రమే ఉంటుంది. రిజాల్వ్‌లో 'ప్రాజెక్ట్ ఆర్కైవ్' అనే ఎంపికతో క్లిప్‌లనూ ప్రాజెక్టునూ కలిపి వేరే డిస్క్‌లో దాచుకోవచ్చు. పని పూర్తయిన రోజే నేనది చేసి పెట్టుకున్నాను.