డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ నాకు ఎలా పట్టుబడిందంటే

బ్యాంకు పరీక్షలకు చదివే రోజుల్లో ఇంగ్లిష్‌లో నన్ను బాగా ఏడిపించింది టెన్సులు కాదు, డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్, అంటే పోల్చి చెప్పేటప్పుడు మాట రూపం మారే తీరు. చదివిందంతా తెలుగు మీడియం. మనం పోల్చి చెప్పాలంటే విశేషణం జోలికి వెళ్లక్కర్లేదు. 'కృష్ణ కంటే గోదావరి పొడుగు' అంటే చాలు. ఇంగ్లిష్‌లో మాత్రం లాంగ్ కాస్తా లాంగర్ కావాలి.

కోచింగ్ నోట్సులో పెద్ద పట్టిక ఇచ్చి బట్టీ కొట్టమన్నారు. సరే, పట్టికలో లేని మాట వస్తే? దేనికి చివర 'ఈఆర్' తగిలించాలో, దేనికి ముందు 'మోర్' పెట్టాలో పట్టిక చెప్పదు కదా.

సిలబుల్స్, అంటే మాటను పలికేటప్పుడు విడిపడే ముక్కలు, పట్టుకున్నాకే దారి దొరికింది. మాటను పైకి పలికి చూసుకునేవాణ్ని. కోల్డ్‌లా ఒకే సిలబుల్ ఉంటే కోల్డర్, కోల్డెస్ట్. ఎక్స్‌పెన్సివ్‌లా మూడు, ఆపైన ఉంటే మోర్, మోస్ట్. పేచీ అంతా రెండున్న వాటితోనే. హ్యాపీలా చివర 'వై' ఉంటే అది 'ఐ'గా మారి హ్యాపియర్ అవుతుంది. నారో, సింపుల్ కూడా ఈఆర్ బాపతే. కేర్‌ఫుల్, ఫేమస్‌లకు మోర్. క్లెవర్ లాంటివి రెండు రకాలుగానూ చెల్లుతాయి కాబట్టి వాటితో టెన్షన్ లేదు. స్పెల్లింగ్‌లో చూసుకోవాల్సింది బిగ్, హాట్ లాంటివి: ఒక అచ్చు, దాని వెనక ఒకే హల్లు ఉంటే ఆ హల్లును రెండుసార్లు రాయాలి.

యాడ్‌వెర్బ్‌లు (క్రియావిశేషణాలు) ఇంత సతాయించలేదు. క్విక్లీలా 'లీ' చేరినవాటికి మోర్. ఫాస్ట్, హార్డ్‌లకు ఫాస్టర్, హార్డర్. ఎర్లీ చివర కూడా 'లీ' ఉంది కానీ అది ఎర్లియర్. గుడ్‌కైనా వెల్‌కైనా బెటర్, బెస్ట్. బ్యాడ్‌కైనా బ్యాడ్లీకైనా వర్స్, వర్స్ట్. ఈ నాలుగూ బట్టీ కొట్టక తప్పదు.

డిగ్రీలు మూడు: పాజిటివ్ (లాంగ్), కంపారిటివ్ (లాంగర్), సూపర్లేటివ్ (లాంగెస్ట్). అసలు తిప్పలు ఒక డిగ్రీలోని వాక్యాన్ని ఇంకో డిగ్రీలోకి మార్చడంలో. ఫార్ములాలు కంఠతా వచ్చినా పరీక్షలో కలగాపులగం అయిపోయేవి. చివరికి ఫార్ములాలు పక్కనపెట్టి గోదావరినే పట్టుకున్నాను. ద్వీపకల్ప భారతంలో అన్నిటికన్నా పొడవైన నది అదే. కాబట్టి 'ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ పెనిన్సులర్ ఇండియా'. కంపారిటివ్‌లో 'లాంగర్ దాన్ ఎనీ అదర్ రివర్'. ఇక్కడ అదర్ ఎందుకంటే, అది లేకపోతే లెక్కలోకి గోదావరి కూడా వచ్చేస్తుంది. ఏ నదైనా తనకంటే తానే పొడుగు ఎలా అవుతుంది? పాజిటివ్‌లో 'నో అదర్ రివర్ ఇన్ పెనిన్సులర్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి'.

దేశం మొత్తం తీసుకుంటే ముందు గంగ ఉంది. అప్పుడు 'ఎనీ అదర్' అనడానికి లేదు. 'వన్ ఆఫ్ ది లాంగెస్ట్ రివర్స్' అనాలి, రివర్స్ బహువచనంలో ఉండాలి. దాన్ని మారిస్తే 'లాంగర్ దాన్ మోస్ట్ అదర్ రివర్స్'. ఇంకా మారిస్తే 'వెరీ ఫ్యూ రివర్స్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి'. ఇలా అర్థంతో వెళ్తే ఫార్ములా గుర్తుపెట్టుకునే పనే లేదు.

ఆ తర్వాత తప్పులు కనిపెట్టే ప్రశ్నల్లో 'మోర్ బెటర్', 'వెరీ టాలర్' చూడగానే కంట్లో నలుసులా తగిలేవి. రెండోదానికి 'మచ్ టాలర్' అనాలి. కొరుకుడు పడకుండా చాలాకాలం మిగిలింది సీనియర్, జూనియర్, సుపీరియర్, ప్రయర్ గుంపు. ఇవి లాటిన్ నుంచి వచ్చినవి, వీటి వెనక 'దాన్' (than) రాదు, 'టు' (to) వస్తుంది. పేపరు తయారుచేసేవాళ్లకు ఇవంటే మహా ఇష్టం.