నన్నెవరూ అడగలేదు

"పిల్లల పెళ్లిళ్లయిపోయినాయిగా. ఈ వయసులో ఇంక దాంతో ఏం పని? మొత్తం తీసేద్దాం" అన్నాడు సర్జన్. ఎదురుగా కూర్చున్న నాతో కాదు, మా ఆయనతో. ఆయన తలూపారు. రొమ్ము క్యాన్సరన్న మాటకే బిత్తరపోయి ఉన్నాన్నేను.

ఆపరేషన్ బాగానే చేశాడు, కాదనను. కీమో, వాంతులు, జుట్టు ఊడటం అందరికీ ఉండేవే. మర్చిపోలేనిది ఆపరేషనయిన రాత్రి. గాయంలో ఊరే నీరు, రక్తం గొట్టంలోంచి దిగేందుకు పక్కన వేలాడదీసిన డ్రెయిన్ డబ్బా ఎర్రగా నిండుతోంది. కట్టు మీద చెయ్యి వేయాలంటే వణుకు. రక్తమంతా పోతోందని ఏడ్చాను. డ్యూటీ సిస్టర్ డబ్బా ఒంపి, కొలిచి రాసుకుని, "మొదట్లో ఇట్టాగే వస్తుందమ్మా, తర్వాత పల్చబడుద్ది. నీకెవరూ చెప్పలా?" అంది. తెల్లారేదాకా వచ్చి చూస్తూనే ఉంది. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

గడ్డ చిన్నదైతే చాలామందికి దాని వరకే తీసి రేడియేషన్ ఇస్తారని, మొత్తం తీసినా, ఇట్టా చేసినా బతికే అవకాశం సమానమని 2002లోనే ఇరవయ్యేళ్ల పరిశోధన ఫలితాలతో తేలిందని కీమో డాక్టరమ్మ చెప్పింది. నాది చిన్నదే! రేడియేషన్‌కి కావలి నుంచి వారాల తరబడి తిరగలేక నేనూ మొత్తం తీసేయమనేదాన్నేమో. కానీ ఆ మాట నా నోటి నుంచి రావాలిగా?

మొన్న చెకప్‌లో నర్సింగ్ చదివే అమ్మాయి ఒక ఫారం నింపమంది. చికిత్స నిర్ణయం మీద రోగి ఎంత బాధపడుతున్నారో కొలిచేదట, 2003లో కెనడావాళ్లు తయారుచేశారట. అయిదే వాక్యాలు. సున్నా నుంచి వంద దాకా స్కోరు, ఎక్కువొస్తే బాధ ఎక్కువ. 'దీనివల్ల నాకు చాలా హాని జరిగింది' అన్నదానికి అస్సలు ఒప్పుకోనని టిక్కు పెట్టాను. 'ఈ ఎంపికకు బాధపడుతున్నాను' అన్నదానికి గట్టిగా ఒప్పుకుంటానని పెట్టాను. "రెండూ ఎట్టా ఆంటీ?" అంది. బతికినందుకు కాదమ్మా, అడగనందుకు అన్నాను.

మా ఆడబిడ్డ నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో నాకోసం ఆరోగ్య రొట్టె పట్టింది. కోరిక తీరింది కాబట్టి ఈసారి రొట్టెల పండక్కి నేనే వెళ్లి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి.

మా వీధిలో ఒకామెకి ఇదే జబ్బు బయటపడింది. సోమవారం తోడు వెళ్తున్నాను. అడగాల్సినవి చీటీ మీద రాయించాను: గడ్డ ఎంత? దాని వరకే తీయొచ్చా? రేడియేషన్ ఎక్కడ, ఎన్ని వారాలు? డాక్టరు వాళ్లాయన వైపు తిరిగితే, "ఆమెకి చెప్పండి సార్" అంటాను.