జెనీవా కుర్చీ, చందా రసీదు

ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) ఎందుకు పుట్టిందని అడిగితే చాలామంది రష్యా విప్లవం పేరు చెబుతారు. ఆ గాలి తగల్లేదని కాదు గానీ, తొందరపెట్టింది మాత్రం ఒక కుర్చీ. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది, తర్వాత జెనీవా దాని కేంద్రమైంది. దాని సమావేశాలకు వెళ్లే కార్మిక ప్రతినిధిని, దేశంలో ఎక్కువ ప్రాతినిధ్యం ఉన్న సంఘాల సమ్మతితోనే ప్రభుత్వం ఎంచుకోవాలని, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సై ఒప్పందం చెప్పింది. అప్పటికి ఇండియాలో దేశమంతటికీ ఒక సంఘం అంటూ లేదు. తొలి సమావేశానికి కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషిని ప్రభుత్వమే నియమించి పంపింది. మరుసటి ఏడాది, 1920 అక్టోబరు 31న, బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ మొదలైంది.

పదేళ్లు తిరక్కుండానే చీలింది. 1929 నాగపూర్ మహాసభలో, కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలన్న తీర్మానం మీద జోషి, వి.వి. గిరి వర్గం బయటికొచ్చేసింది. 1931లో మరో చీలిక. 1940 నాటికి అందరూ మళ్లీ ఒక గూటికి చేరారు, అదీ ఎంతో కాలం కాదు. వేరే కేంద్ర సంఘాలు పుట్టుకొచ్చాయి: 1947లో కాంగ్రెస్ వైపు ఐఎన్‌టీయూసీ, 1948లో సోషలిస్టుల హెచ్‌ఎంఎస్, 1955లో ఆరెస్సెస్ వైపు బీఎంఎస్, 1970లో సీపీఎం వైపు సీఐటీయూ. కమ్యూనిస్టు పార్టీ 1964లోనే చీలినా ఏఐటీయూసీ నుంచి సీఐటీయూ విడిపోవడానికి మరో ఆరేళ్లు పట్టింది. పార్టీ పంచుకున్నంత తేలిక కాదు, యూనియన్ పంచుకోవడం.

చట్టంలోనూ ఒక మెలిక ఉండేది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కింద ఏడుగురు సంతకం పెడితే రిజిస్ట్రేషన్ దొరికేది. యాజమాన్యం గుర్తించి తీరాలని మాత్రం అందులో లేదు. 1947లో ఆ మేరకు సవరణ చేశారు గానీ అమల్లోకి తేలేదు. 2001 సవరణతో సంస్థలోని కార్మికుల్లో పది శాతం మంది లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలన్న షరతు వచ్చింది. గుర్తింపు సంగతి అప్పుడూ కదల్లేదు.

దేశస్థాయి సంఘంగా ప్రభుత్వం ఇచ్చే కేంద్ర కార్మిక సంఘం హోదా వేరే లెక్క. 2002 డిసెంబరు 31 తేదీ నాటి సభ్యత్వంపై జరిగిన తనిఖీలో కనీసం 5 లక్షల సభ్యత్వం, నాలుగు రాష్ట్రాల్లో, నాలుగు పరిశ్రమల్లో ఉండాలన్నది షరతు. బీఎంఎస్ 62 లక్షలతో మొదట నిలిచింది, ఐఎన్‌టీయూసీ 39 లక్షలతో రెండోది.

పేచీ వచ్చేది సభ్యత్వ రిజిస్టరు దగ్గర, చందా రసీదుల దగ్గర. ఒకే మనిషి రెండు సంఘాలకు చందా కడతాడు, రెండు రిజిస్టర్లలోనూ పేరుంటుంది. ఫ్యాక్టరీలో మస్టర్ రోల్‌తో (హాజరు పట్టీతో) పోల్చి చూడొచ్చు. వ్యవసాయ కూలీకి, ఇంట్లో బీడీలు చుట్టే మనిషికి మస్టర్ ఎక్కడిది? 2001 సవరణ చందాకు పెట్టిన కనీస మొత్తం కూడా ఒకేలా ఉండేది కాదు: గ్రామీణ కార్మికులకు ఏడాదికి ఒక రూపాయి, అసంఘటిత రంగంలో మిగతావారికి మూడు, ఇతరులకు పన్నెండు. తలలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ముగ్గురూ ఒకటే.