బలం లేని జీవులు, ఆగూరు మాటలు

సామెతలు 30వ అధ్యాయం ఆగూరు అనే ఆయన మాటలు. యాకె కుమారుడు అన్న ఒక్క ముక్క తప్ప ఆయన గురించి బైబిల్‌లో ఇంకేమీ లేదు. మొదట్లోనే "మనుష్యులలో నావంటి పశుప్రాయుడు లేడు" అని తన గురించి తానే చెప్పేసుకుంటాడు. అలాంటి మనిషి 24వ వచనానికి వచ్చేసరికి చీమ, చిన్న కుందేలు, మిడుత, బల్లి, ఈ నాలుగింటినీ చూపించి "అవి మిక్కిలి జ్ఞానముగలవి" అంటాడు. ఇంకాస్త కిందకి వెళ్తే సింహం కూడా వస్తుంది గానీ, దాని నడకనీ ధైర్యాన్నీ మెచ్చుకుని వదిలేశాడు, జ్ఞానం అన్న మాట దానికి వాడలేదు.

నన్ను ఆపేసే సంగతి ఇంకొకటి ఉంది. ఈ జీవులు చివరికి బలంగా మారాయని ఆగూరు ఎక్కడా అనలేదు. చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోస్తుందని ప్రసంగాల్లో వింటుంటాం, అది నిజమే, అయినా ఆయన మాత్రం "బలములేని జీవులు" అనే రాశాడు. మనం ప్రార్థనలో అడిగేది ఎక్కువగా ఏంటి? ప్రభువా, ఈ బలహీనత తీసేయ్ అని. పౌలు కూడా ముమ్మారు అదే అడిగాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును".

చీమ దగ్గర చాలామందికి ఒక సందేహం వస్తుంది. యేసు ప్రభువు ఆకాశపక్షులను చూడండి, అవి కొట్లలో కూర్చుకోవు అన్నాడు. ఆగూరేమో వేసవిలో కూర్చుకునే చీమను మెచ్చుకుంటున్నాడు. మరి దాచుకోవాలా, వద్దా? లూకా 12లో, పంట ఎక్కువై ఇంకా పెద్ద కొట్లు కట్టుకుందామనుకున్న ధనవంతుడి మాటలు ఒకసారి చదవండి. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, అన్నీ "నా"లే, ఆఖరికి మాట్లాడేది కూడా తన ప్రాణంతోనే, ఇంకో మనిషి ఆ కథలో కనబడడు. చీమ అలా కాదు. చాలా జాతుల చీమలకు కడుపులో రెండు భాగాలుంటాయి, ఒకటి తన కోసం, రెండోది పుట్టలో ఉన్న మిగతావాటికి నోటితో అందించడానికి దాచిపెట్టేది. ఇశ్రాయేలు ప్రాంతంలో గింజలు పోగుచేసే చీమలైతే భూమిలోపల అరలు చేసి నింపుతాయి, వాన నీటికి గింజలు తడిస్తే బయటికి మోసుకొచ్చి ఎండబెడతాయి. అంత కష్టపడిందీ పుట్ట మొత్తానికి. కాబట్టి నా మట్టుకు నాకు, దాచుకోవడంలో తప్పు కనిపించదు, ఎవరి కోసం దాస్తున్నామన్నదే ప్రశ్న. ఇదే ఆగూరు పేదరికమూ వద్దు ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలు అని ప్రార్థించిన మనిషి అని కూడా మర్చిపోకూడదు.

చిన్న కుందేళ్లు అని మన బైబిల్‌లో ఉన్నవి మనకు తెలిసిన పొడుగు చెవుల కుందేళ్లు కావు, రాక్ హైరాక్స్ అనే జంతువు, దావీదు సౌలుకు భయపడి దాక్కున్న ఏన్గెదీ బండల్లో ఇప్పటికీ తిరుగుతుంటాయి. వీటికి నేల తవ్వే గోళ్లు లేవు. సొంతంగా బొరియ చేసుకోలేవు, ముందే ఉన్న బండ సందుల్లో దూరి బతుకుతాయి. మేతకు వచ్చినా బండకు మరీ దూరం పోవు, గుంపులో ఒకటి కాపలా కాస్తూ గద్ద కనబడగానే అరుస్తుంది, అంతే, అన్నీ లోపలికి. పారిపోవడం పిరికితనం అంటాం గానీ, పోతీఫరు ఇంట్లో యజమాని భార్య శోధించినప్పుడు యోసేపు చేసింది అదే. నేను తట్టుకోగలను అనుకుని శోధన పక్కనే కూర్చునేవాళ్లకంటే ఈ జంతువు నయం. యెహోవా నా శైలము, అంటే నా బండ, అని పాడేవాళ్లం ఆ శైలానికి ఎంత దూరంలో మేస్తున్నామో చూసుకోవాలి.

మిడుతల సంగతి వేరు. "మిడుతలకు రాజు లేడు అయినను అవన్నియు పంక్తులు తీరి సాగిపోవును." ఎడారి మిడుత మామూలుగా ఒంటరి జీవి, మరొకదాని దగ్గరకు కూడా రాదు. గుంపులో పడి వెనక కాళ్లు పదేపదే రాసుకుంటే దాని స్వభావమే మారిపోతుంది, తర్వాత్తర్వాత రంగు కూడా. ఒక చదరపు కిలోమీటరు దండులో 4 నుంచి 8 కోట్ల దాకా ఉంటాయి, రోజుకు 150 కిలోమీటర్ల వరకు పోగలవు. సంఘ ఐక్యత గురించి చెప్పడానికి మంచి ఉదాహరణ, చెప్తూనే ఉంటారు కూడా. అయితే ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ చెప్పరు. రెక్కలు రాని పిల్ల మిడుతలు అలా వరుసగా ముందుకు నడవడానికి ఒక కారణం, ఆగితే వెనకున్నది కొరుకుతుందన్న భయం! 2008లో పరిశోధకులు దీన్ని గమనించి చెప్పారు. గలతీ 5:15లో పౌలు "ఒకనినొకడు కరచుకొని భక్షించినయెడల" అని హెచ్చరించింది ఇలాంటి సహవాసం గురించే అనిపిస్తుంది. ఆదివారం అందరూ వస్తున్నారు, వరుసలు నిండుతున్నాయి, బయటికి అంతా బాగానే ఉంది, కానీ రాకపోతే ఏమనుకుంటారో అన్న టెన్షన్‌తో వస్తున్నారా, ప్రేమతో వస్తున్నారా? ఆగూరు మెచ్చుకున్నది వాటి క్రమాన్ని, దాన్ని మనం నేర్చుకోవచ్చు. కారణం మాత్రం మనకు వేరే ఉండాలి. మనకైతే రాజు ఉన్నాడు.

ఇక బల్లి. చేత్తో పట్టుకోగలవు అంటాడు, అంత అల్పమైనది. అయినా రాజుల ఇళ్లల్లో ఉంటుంది. దాన్ని ఎవరూ పిలవలేదు, అర్హత చూసి ఎవరూ లోపలికి రానివ్వలేదు. ఇది చదివినప్పుడు నాకు సౌలు మనవడు, రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతు గుర్తొస్తాడు. అతనికి మాత్రం పిలుపు వచ్చింది. దావీదు పిలిపిస్తే వచ్చి, చచ్చిన కుక్కలాంటి నన్ను ఎందుకు కటాక్షిస్తున్నావు అంటాడు. రాజకుమారుల్లో ఒకడిలా ప్రతిరోజూ రాజు బల్ల దగ్గరే భోజనం. 2 సమూయేలు 9వ అధ్యాయం ఆ భోజనం సంగతి చెప్పి, అతని కాళ్లు రెండూ కుంటివి అని ఇంకోసారి రాసి ముగుస్తుంది. అక్కడికి వచ్చాక కూడా ఆ కాళ్లు బాగుపడలేదు.