స్కటల్: పీత పరుగు అనుకుని మార్కు పోగొట్టుకున్నా

వొకాబ్యులరీ ఎలా చదివావని అడుగుతున్నారు కాబట్టి, నా పద్ధతి మొత్తాన్ని మార్చేసిన ఒక్క ఇంగ్లీషు మాట గురించి చెబుతా. స్కటల్ (scuttle).

నా నోట్సులో దాని ఎదురుగా ఉన్నది ఒకటే ముక్క: "పీతలా గబగబా పరుగెత్తడం". మాక్ టెస్టులో "ది మినిస్టర్స్ రిమార్క్స్ స్కటల్డ్ ది పీస్ టాక్స్" అని ఇచ్చారు. ఆప్షన్లలో "హేస్టెన్డ్" (తొందరపెట్టాయి) కనబడగానే రెండో ఆలోచన లేకుండా టిక్ పెట్టేశా. జవాబు "రూయిన్డ్", అంటే మంత్రి మాటలు శాంతి చర్చల్ని చెడగొట్టాయని. మార్కు రాకపోగా నెగెటివ్ కూడా పడింది.

ఆ రాత్రి డిక్షనరీ తీస్తే, 1, 2, 3 అని అంకెలు వేసి స్కటల్‌ని విడివిడి ఎంట్రీలుగా ఇచ్చి ఉంది. ఒక మాటకు మూడు అర్థాలు కాదన్నమాట, ఒకే స్పెల్లింగుతో తిరిగే మూడు మాటలు! ఒకటి బొగ్గులు పోసుకునే బకెట్టు. పళ్లెం అనే అర్థమున్న లాటిన్ 'స్కుటెల్లా' నుంచి వచ్చింది. పీత పరుగుకీ దీనికీ చుట్టరికమే లేదు.

అసలు సరుకంతా ఓడలో ఉంది. డెక్కులో మూత బిగించిన చిన్న కంతని స్కటల్ అంటారు. కావాలని కంతలు పెట్టో, అడుగు వాల్వులు తిప్పో ఓడను ముంచేయడమూ స్కటలే. మొదటి ప్రపంచ యుద్ధం చదివినవాళ్లకి స్కాట్లండ్‌లోని నౌకాశ్రయం స్కాపా ఫ్లో గుర్తుండాలి. 1919 జూన్ 21న, బ్రిటిష్ వాళ్ల అదుపులో ఉన్న జర్మన్ నౌకల్ని, శత్రువు చేతికి చిక్కకూడదని, అడ్మిరల్ ఫాన్ రాయిటర్ ఆదేశంతో సొంత సిబ్బందే ముంచేశారు. 74లో 52 మునిగాయి. పేపర్లో ఏదో ఒప్పందం స్కటల్ అయిందని చదివితే ఇప్పుడు నాకు నీళ్లు ఎక్కుతున్న ఓడే కనబడుతుంది.

అన్నట్టు, స్కటల్‌బట్ అంటే పుకారు. ఓడలో తాగునీళ్ల పీపాకి కంత పెట్టి ఉంచేవారు, నావికుల కబుర్లన్నీ దాని చుట్టూనే. ఇది పరీక్షలో ఎప్పుడూ తగల్లేదు, అయినా మర్చిపోలేకపోతున్నా.

అప్పట్నుంచి క్రియ కనబడితే ముందు కర్మ వెతుకుతున్నా. స్కటల్ తర్వాత 'దేన్ని?' అంటే జవాబు దొరికితే ముంచడం, దొరక్కపోతే దాదాపుగా పరుగే. నోట్సులో కూడా అర్థం పక్కన తప్పనిసరిగా ఒక వాక్యం రాస్తున్నా. పేజీలు మూడింతలయ్యాయి, నిజమే.

నిన్న క్లీవ్ (cleave) తీశా. చీల్చడమూ అదే, అతుక్కోవడమూ అదే. అవీ వేరు వేరు మాటలేనట. పూటంతా దానికే పోయింది.